ఒక్కసారే ఊపే గుడ్డ

తమిళ సీమలో, రాజపాళయం దగ్గర చోళపురం దాటి పడమటి కొండల వైపు రెండు మైళ్ళు పోతే కుదిరైమడు చెరువు వస్తుంది. అందులో నీళ్ళెంత ఉన్నాయో కొలవడానికి ప్రభుత్వం తూము గోడ మీద ఎర్ర గీతలు గీయించింది. కొలతలు రాసుకోవడానికి వచ్చే ఉద్యోగి ఆ గీతలు చూసి, ఆ తర్వాత మూక్కన్ ముఖం చూసి, "ఏమి మూక్కా, సరి తానా?" అని, అంతేగా అన్నట్టు అడిగి మరీ రాసుకునేవాడు. గీతలు అబద్ధం చెప్పినా మూక్కన్ చెప్పడని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్ళదీ అదే నమ్మకం.

మూక్కన్‌కి అరవై నాలుగేళ్ళు. మనిషి సన్నగా, నల్లగా, ఎండిన చింతబరికెలా ఉంటాడు. చదువు లేదు. సంతకం పెట్టమంటే తమిళంలో తన పేరు బొమ్మ గీసినట్టు గీస్తాడు. ఆయన పని తూము తీయడం, మూయడం. వినడానికి ఇంతే. కానీ నిండు చెరువులో మూడు నిలువుల లోతుకి మునిగి, చేత్తో తడుముకుంటూ తూము రాయి జరిపి పైకి తేలడం ఎవడు పడితే వాడు చేసే పని కాదు. ఆయన తండ్రి చేశాడు, ఆయన చేస్తున్నాడు. అలా మునిగీ మునిగీ ఎడమ చెవి సగం పోయింది. ఎవరైనా ఆ చెవి సంగతి అడిగితే, "గురువమ్మా తిట్టేది ఆ పక్క నుంచి తాన్, అందుకు మంచిదే" అని నవ్వేవాడు. గురువమ్మాళ్ ఆయన భార్య. ఆవిడ తిట్టే గొంతు నుంచి ఒక చెవి పోయినంత మాత్రాన తప్పించుకోగల మగవాడు ఆ వీధిలో పుట్టలేదు.

తూము పని కన్నా పెద్ద పని ఒకటి మూక్కన్ చేతిలో ఉండేది. అది రెండు మూడేళ్ళకోసారి, చెరువు మోకాటి లోతుకి దిగిన వేసవిలో, ఒక్క క్షణం చేసే పని. ఆ సంగతి ముందే చెప్పాలి. ఈ కథంతా ఆ ఒక్క క్షణం కోసమే.

చెరువు అంత లోతుకి దిగితే చేపల రోజు పెడతారు. చోళపురం, తళవాయిపురం, ఇంకో రెండు పల్లెలు కలిసి ఒక ఆదివారం నిర్ణయిస్తాయి. ముందు శుక్రవారం నుంచే, తూమువాడు తప్ప, ఆ నాలుగూళ్ళవాళ్ళెవరూ చెరువు కట్ట ఎక్కకూడదు. ఒకడు ముందుగా దొంగచాటుగా వల వేశాడన్న మాట రాకుండా ఆ కట్టుబాటు. ఆదివారం తెల్లవారుతుండగా జనమంతా బుట్టలూ వలలూ పట్టుకుని కట్ట చుట్టూ నిలబడతారు. కరుప్పసామి గుడిలో పూజ చేసిన కొత్త తెల్ల పంచెను పూజారి తెచ్చి ఇస్తాడు. దాన్ని పట్టుకుని ఒక మనిషి తూము గోడ ఎక్కి, ఒక్కసారి ఊపుతాడు. ఊపేదాకా ఎవడూ నీళ్ళలో వేలు ముంచడు. ఊపాక ఏ ఊరివాడైనా దిగవచ్చు, ఎంత దొరికితే అంత పట్టుకోవచ్చు. ఆ రోజు చేప అమ్మకూడదు. ఖాళీ బుట్టతో పోయే ముసలమ్మ కనిపిస్తే దారిలో ఎవడో ఒకడు ఒక చేప అందులో వేయాలి. గుడ్డ ఊపేది ఒక్కసారే. మళ్ళీ చెరువు నిండి, మళ్ళీ ఎండేదాకా రెండోసారి ఊపడమన్నది లేదు.

ఆ గుడ్డ ఎవరు ఊపాలన్న దాని మీద ఒకప్పుడు తలలు పగిలాయి. మా ఊరి పెద్ద ఊపాలంటే మా ఊరి పెద్ద ఊపాలని కర్రలు లేచాయి. చివరికి ఎవరి పక్షమూ కాని మనిషి, నీళ్ళలో మునిగే తూమువాడు ఊపితే ఎవరికీ అవమానం ఉండదని తేల్చారు. పెద్దలకి తమలో తమకి కుదరనప్పుడు చిన్నవాడి నెత్తిన పెట్టడం మామూలే. కానీ మూక్కన్ ఇంట్లో అది చిన్న సంగతి కాదు. మిగతా రోజుల్లో ఆ నాలుగూళ్ళలో ఆయన్ని కూర్చోమన్నవాడు లేడు. ఆ ఒక్క తెల్లవారుజామున మాత్రం పెద్ద పెద్ద మీసాలవాళ్ళు పంచెలు ఎగ్గట్టి, ఊపిరి బిగబట్టి, ఆయన చెయ్యి వంకే చూస్తూ నిలబడేవాళ్ళు.

నాలుగేళ్ళ కిందట చెరువు దక్షిణపు గట్టు పార్కు అయింది. నడక దారి వేశారు, బెంచీలు వేశారు, పిల్లలకి ఊయలలు కట్టారు. గట్టు మీద గుడారాలు వేసి, మనుషుల్ని రాత్రి నిద్రపుచ్చి, పగలు పడవల్లో తిప్పే పని కాంట్రాక్టుకి ఇచ్చారు. ఇల్లు వాకిలి ఉన్నవాళ్ళు డబ్బిచ్చి గుడ్డ గుడిసెలో దోమల మధ్య పడుకోవడమేమిటో మూక్కన్‌కి మొదట అర్థం కాలేదు. మధురై నుంచీ, కోయంబత్తూరు నుంచీ, బెంగళూరు నుంచీ కార్లు దిగుతూనే ఉన్నాయి గనక అర్థం చేసుకోవడం మానేశాడు.

కాంట్రాక్టు తీసుకున్నది కణ్ణన్. రాజపాళయంలో పాత పెద్దింటి మనవడు. బెంగళూరులో ఐదేళ్ళు ఉద్యోగం చేసి, విసుగొచ్చి తిరిగొచ్చాడు. వాళ్ళ తాత మామిడి తోటలో మూక్కన్ తండ్రి జీవితమంతా నీళ్ళు కట్టాడు. ఆ తాత పిలిచిన పిలుపు "డేయ్". ఆ ఇంటి కొడుకులు పిలిచిన పిలుపు "మూక్కా". మనవడు మాత్రం వచ్చిన మొదటి రోజే చెరువు గట్టున ప్లాస్టిక్ కుర్చీ లాగి వేశాడు.

"ఉట్కారు తాతా," అన్నాడు. "ఈ చెరువు గురించి నీకు తెలిసినట్ల ఎవరికీ తెలీదంట గదా. నాకు నేర్పు."

"నేను నిలబడి ఉంటాను సామీ."

"సామీ గీమీ వద్దు. తంబీ అను, సాలు."

మూక్కన్ ఆ కుర్చీ అంచు మీద కూర్చోవడానికి ఒక వారం పట్టింది. "తంబీ" అనడానికి నాలుగు నెలలు పట్టింది. అన్న రోజున ఇంటికి పోతూ ఆ మాటని నోట్లో రెండు మూడుసార్లు తిప్పి చూసుకున్నాడు. ఆ పెద్దింటివాళ్ళలో తనని తాతా అన్నవాడు ఒక్కడు పుట్టాడని ఆయనకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ సంగతి గురువమ్మాళ్‌కి చెప్తే ఆవిడ మూతి తిప్పింది.

"ఆ పిల్లోడు తాతా అనేటికి నీకు కొంబు మొలిచిందా? మీసం తడువుకుంటా వస్తుండావు!"

కొమ్ము మొలిచిందనే చెప్పాలి. ఆ గుడారాల కాంపులో ఆయనకి ఆకుపచ్చ చొక్కా ఇచ్చారు. అతిథులకి తెడ్డు పట్టడం నేర్పేవాడు. పొద్దున్నే కట్ట మీద నడిపిస్తూ ఏది నత్తగొట్టు కొంగ, ఏది నీటికాకి అని చూపించేవాడు. కణ్ణన్‌కి ఈత రాదు. చెరువు కాంట్రాక్టరుకి ఈత రాకపోవడం సిగ్గుచేటని రహస్యంగా ఒక నెల్లాళ్ళు వేకువన నీళ్ళలోకి దింపి, పొట్ట కింద చెయ్యి పెట్టి నేర్పించాడు. మొదటిసారి చెయ్యి తీసేసినప్పుడు కణ్ణన్ భయపడి ఆయన మెడ కావలించుకున్నాడు. సొంత మనవడే కావలించుకున్నట్టు మూక్కన్ పొంగిపోయాడు.

సాయంత్రాలు చలిమంట చుట్టూ అతిథులు కూర్చుంటే మూక్కన్ కథ చెప్పాలి. అందరికీ నచ్చిన కథ చేపల రోజుదే. గుడ్డ ఊపడం, జనం ఒక్క ఉరుకున దిగడం, ఊపాక ఎవడైనా దిగవచ్చన్న కట్టుబాటు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. కణ్ణన్ కూడా కూర్చుని వినేవాడు. మధ్య మధ్యలో అడిగేవాడు కూడా. శుక్రవారం నుంచి ఎవరూ రారా? ఎవరూ రారు. ఊపాక బయటి ఊరివాళ్ళు దిగితే? దిగవచ్చు, అడ్డు లేదు. మూక్కన్ మురిసిపోయి చెప్పేవాడు. తన కట్టుబాటు అంటే ఈ చదువుకున్న పిల్లవాడికి ఎంత గౌరవమో అనుకునేవాడు.

మూడేళ్ళు వానలు బాగా కురిశాయి. చెరువు ఎండలేదు, చేపల రోజు రాలేదు. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. చిత్తిరై నెలకల్లా పడవలు బురదలో కూరుకున్నాయి. కార్లు రావడం తగ్గింది. కణ్ణన్ ముఖం కూడా ఎండింది. నాలుగూళ్ళలో మాత్రం పండగ కళ వచ్చింది. మూడేళ్ళు పెరిగిన విరాల్ చేపలు, అంటే మన కొర్రమీనులు, మోచేయంత ఉంటాయని అందరి నోళ్ళూ ఊరుతున్నాయి. వచ్చే నెల, అంటే వైకాసిలో, మూడో ఆదివారం అని పెద్దలు తేల్చారు. తేదీ మొదట మూక్కన్‌కే చెప్పారు. మూక్కన్ మొదట కణ్ణన్‌కి చెప్పాడు.

ఆ వారంలోనే కాంపు గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సు లేచింది. దాని మీద మూక్కన్ బొమ్మ. ఆకుపచ్చ చొక్కా, చేతిలో తెడ్డు, పక్కన ఇంగ్లీషులో ఏవో అక్షరాలు. ఇంత పెద్ద బొమ్మ సినిమావాళ్ళకీ పార్టీవాళ్ళకీ తప్ప ఎవరికీ ఉండదని మూక్కన్ అనుకున్నాడు. గురువమ్మాళ్‌ని తీసుకుపోయి చూపించాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "నిజం మనిషి కంటే బొమ్మ బాగుండాది" అని మెచ్చుకుంది. అందులో ఏం రాసి ఉందో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. తన బొమ్మ పక్కన చెడ్డ మాట రాస్తారని ఎవరనుకుంటారు?

చేపల రోజుకి ముందు గురువారం కణ్ణన్ కుర్చీ దగ్గరికి వచ్చాడు. వెంట అనుప్రియ ఉంది. కాంపు ఫోటోలూ వీడియోలూ చూసుకునే అమ్మాయి.

"తాతా, శనివారం సాయంత్రం చిన్న వీడియో ఒకటి ఎడుక్కుందాము. నువ్వు గోడ మీద నిలబడి గుడ్డ ఊపేది. అంతే."

మూక్కన్ ఉలిక్కిపడ్డాడు. "అయ్యో, అది ఆదివారం తాన్ తంబీ. గుడిలో ఉండే గుడ్డను నేను ముందుగా తాకకూడదు."

"ఆ గుడ్డ ఎవరు అడిగినారు? సత్రపట్టి మగ్గాల నుంచి బ్యాండేజీ గుడ్డ తెప్పించినాను. సుమ్మా గుడ్డ, ఉత్తిది. దాంట్లో సామి లేడు గదా?"

"ఆదివారం జనం తోపులాటలో నా కెమెరాకి ఏమీ కనపడదు తాతా," అంది అనుప్రియ. "అందుకే ముందు రోజు. మీ మనవళ్ళ మనవళ్ళు చూస్తారు."

మూక్కన్ ఆలోచించాడు. ఆయన తప్పుగా ఆలోచించలేదు, ఆయన లెక్క ప్రకారం సరిగ్గానే ఆలోచించాడు. చేపల రోజును తెరిచేది కరుప్పసామి పంచె. పూజ లేని గుడ్డ ఊపితే అది ఆరేసిన బట్ట గాలికి ఊగినట్టు. నాటకంలో రాజు వేషం కట్టినవాడు నిజంగా రాజవుతాడా? పైగా కట్ట మీద ఊరివాళ్ళు ఎవరూ ఉండరు. ఎవరూ చూడని ఊపుడు ఊపుడే కాదు. ఇలా తనకి తనే నచ్చజెప్పుకుని, "సరి తంబీ" అన్నాడు. పప్పులో కాలేశాడు.

శనివారం నాలుగు గంటలకి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. ఎప్పుడూ లేనిది ఆ రోజు ఇరవై కార్లు వచ్చాయి. ఒకే రంగు చొక్కాలు వేసుకున్న ముప్పై నలభై మంది చేతుల్లో కొత్త బుట్టలు పట్టుకుని గట్టున నిలబడ్డారు. వీడియోలో జనం కనపడాలి కదా అనుకున్నాడు మూక్కన్. జనరేటరు గది వెనక పదిమంది కొత్తవాళ్ళు నీడన కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఎవరని అడిగితే గుడారాలు విప్పడానికి వచ్చారన్నారు. సరేననుకున్నాడు.

తూము గోడ ఎక్కాడు. అనుప్రియ కింద నుంచి, "నిజంగా ఊపినట్టే ఊపండి తాతా" అంది. ఆ మాట అనక్కర్లేదు. అబద్ధంగా ఊపడం ఎలాగో ఆయనకి తెలియదు. కాళ్ళు ఎడంగా పెట్టాడు, కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు, గుడ్డ రెండు చేతులా పైకెత్తి ఒక్కసారి ఊపాడు.

విజిల్ మోగింది. రంగు చొక్కాలన్నీ కేకలు పెడుతూ నీళ్ళలోకి దిగాయి. మూక్కన్ నవ్వుతూ చూశాడు. రెండు ఫోటోలు తీసుకుని ఎక్కేస్తారనుకున్నాడు. ఎక్కలేదు. జనరేటరు గది వెనకనున్న పదిమందీ లేచారు. వాళ్ళ వెనక నుంచి పెద్ద లాగుడు వల బయటికొచ్చింది. గట్టు ఈ చివర ఐదుగురు, ఆ చివర ఐదుగురు నిలబడి వల దించుతుంటే మూక్కన్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది.

తర్వాత ఎలా దిగాడో ఆయనకే తెలియదు. గోడ మీద నుంచి దూకి, బురదలో పడి, లేచి, "వద్దు! వద్దు! నిలపండి!" అని అరుస్తూ వల తాడు పట్టుకుని వేలాడాడు. వల లాగేవాళ్ళు ఆగి గట్టు వైపు చూశారు. కణ్ణన్ ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి వచ్చాడు.

"తాతా, తాడు వదులు."

"తంబీ, ఇది వీడియో అన్నావే! వాళ్ళను ఎక్కమను. నాలుగూళ్ళ మీను ఇది. రేపు తెల్లారి వస్తారు, నేను ఏమి చెప్పేది?"

"నువ్వు ఊపినావు గదా తాతా? ఊపినాక ఎవరైనా దిగవచ్చని నువ్వే తానే నాకు చెప్పినావు? బయటి ఊరోళ్ళకు కూడా తడ లేదని చెప్పినావు. నేనేమి దొంగతనమా చేస్తుండాను? మీ కట్టుబాటు ప్రకారం తాన్ చేస్తుండాను."

కోప్పడుతూ అనలేదు. చక్కగా, నెమ్మదిగా, ఈత నేర్పించమని అడిగినప్పటి గొంతుతోనే అన్నాడు. మూక్కన్ చేతుల్లోంచి తాడు జారిపోయింది. చలిమంట దగ్గర తను మురిసిపోయి చెప్పిన మాటలన్నీ ఈ పిల్లవాడు ఎందుకు అంత శ్రద్ధగా విన్నాడో ఇప్పుడు తెలిసింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదేనని తెలిసింది.

ఒకావిడ బుట్టలో చేప ఎగిరిపడుతుంటే కేరింతలు కొడుతూ ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన ఏడుస్తున్నాడని గమనించి కంగారుపడింది. ఏమైందని తమిళంలో అడిగింది. ఇది శనివారం కాదమ్మా, ఆదివారం జరగాల్సిందని మూక్కన్ చెప్పాడు. లేదే, నెల కిందటే శనివారానికి బుక్ చేసుకున్నాం, గేటు దగ్గర బోర్డులో కూడా అదే ఉంది, మీ ఫోటో పక్కనే తేదీ వేశారు చూడండి అంది ఆవిడ. పాపం, మంచి మనసుతోనే చెప్పింది.

నెల రోజులు తన బొమ్మ కింద నుంచే రోజూ రెండుసార్లు వెళ్ళాడు మూక్కన్. భార్యని తీసుకుపోయి మరీ చూపించాడు.

"సామీ," అన్నాడు కణ్ణన్‌తో. నాలుగు నెలలు పట్టి నేర్చుకున్న పిలుపు ఒక్క క్షణంలో మరిచిపోయాడు. "సామీ, నేను మీ యింటికి ఏమి కెడుదల, ఏమి చెడు చేసినాను?"

కణ్ణన్ గట్టు వైపు ఒకసారి చూశాడు. అతిథులు చూస్తున్నారు, ఇంటికి పోయి పడుకో, సోమవారం మాట్లాడుకుందామన్నాడు.

మూక్కన్ ఇంటికి పోలేదు. బురద కాళ్ళతో రెండు మైళ్ళూ నడిచి తిన్నగా చోళపురం నడి వీధిలోని టీకొట్టుకి పోయాడు. పరిగెత్తి చెబితే ఇంకా కొంచెమైనా ఆపవచ్చని ఆయన ఆశ. కానీ ఆయన కాళ్ళకన్నా అనుప్రియ వీడియోకి వేగం ఎక్కువ. టీకొట్టు ముందు పాతికమంది ఒకే ఫోను మీద తలలు వంచి నిలబడ్డారు. ఆయన్ని చూసి పక్కకి జరిగారు. మధ్యలో పేచ్చిముత్తు ఉన్నాడు. కరుప్పసామి గుడి పూజారి, మూక్కన్‌తో కలిసి చిన్నప్పుడు గేదెలు కాసినవాడు.

పేచ్చిముత్తు ఫోను ఆయన ముఖం ముందు పెట్టాడు. అందులో మూక్కన్ గోడ మీద నిలబడి, దండం పెట్టుకుని, గుడ్డ ఊపుతున్నాడు. ఎంత బాగా ఊపాడో!

"ఇది నీ చెయ్యి కాదా?"

"నా చెయ్యే. ఐతే అది సామి గుడ్డ కాదు పేచ్చి. సుమ్మా బ్యాండేజీ గుడ్డ. నటనకని చెప్పి ఏమాత్తినారు, మోసం చేసినారు నన్ను."

"సామి గుడ్డలో ఉండాడని ఎవరు చెప్పినారు నీకు?" అన్నాడు పేచ్చిముత్తు. "గుడ్డ ప్రతిసారీ కొత్తది కొంటాము. నీ చేతిలో ఉండాడని తానే నాలుగూళ్ళు దాన్ని నీకు ఇచ్చింది? ఆ చెయ్యి ఊపినాక ఇంక ఎవరిని తడ చేసేది?"

నలభై ఏళ్ళుగా మూక్కన్ చెయ్యి గురించి ఇంత గొప్ప మాట ఎవరూ అనలేదు. అనాల్సిన రోజుల్లో అనకుండా, ఈరోజు అన్నారు.

వెనక నుంచి ఎవరో అడిగారు. "సరి, ఏమి ఇచ్చినారు నీకు?"

"ఏమీ ఇయ్యలేదు."

"సుమ్మానే ఊపినావా?"

"సుమ్మానే ఊపినాను! కరుప్పసామి సాక్షి. ఒక్క మీను పొలుసు నా యింటికి రాలేదు. నమ్మకపోతే వచ్చి చూడండి. అందరూ రండి!"

ఆ ఆవేశంలో తనే ముందు నడిచాడు. పాతికమందీ వెంట నడిచారు. ఊరి చివర ఆయన వీధి మలుపు తిరిగారో లేదో, చేపల పులుసు వాసన గుప్పున కొట్టింది. చింతపులుసు, వేయించిన మెంతులు, మట్టి కుండలో ఉడుకుతున్న విరాల్. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ రాని వాసన. మూక్కన్ నడక ఆగిపోయింది. ఆగకపోయినా అది ఏ ఇంటి నుంచి వస్తోందో అందరికీ తెలిసిపోతూనే ఉంది.

గురువమ్మాళ్ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. వెనకనున్న జనాన్ని చూసుకోలేదు.

"వచ్చినావా? ఎంత పెద్ద విరాల్ తెలుసా! కణ్ణన్ సామి జీపులో పంపించినాడు. తాత పంగు, తాత వాటా అని చెప్పి ఇచ్చిపోయినారు."

పేచ్చిముత్తు భుజం మీద తుండు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళు ఆయన వెనక పోయారు. ఒకడు మాత్రం పోతూ పోతూ నేల మీద ఉమ్మేశాడు.

అసలు సంగతి తెలిశాక గురువమ్మాళ్ ఊరుకోలేదు. కుండ తీసుకుపోయి మురుగులో ఒంపేసింది. కొంగు బిగించి వీధి మధ్యలో నిలబడి, చీకటి పడేదాకా ఒక్కొక్క ఇంటినీ పేరు పెట్టి పిలిచి కడిగేసింది. నా మొగుడు దొంగ ఐతే నీళ్ళలో మునిగి మీ పంటలకు తూము తీసినప్పుడు తెలియలేదా అంది. వాడి చెవి పోయింది ఎవరి కోసమని అడిగింది. లోపల గోడకి ఆనుకుని కూర్చున్న మూక్కన్‌కి ఆ తిట్లు ఒక్కటే ఆ రోజు ఓదార్పు. ప్రపంచమంతా ఒక పక్కకి పోయినా ఈమె ఒక్కతి తన పక్కన ఉందనుకున్నాడు. ఇంకొకరు అక్కర్లేదనుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున అయినా నాలుగూళ్ళ జనం వచ్చారు. చూసి పోదామని వచ్చారు. చెరువంతా గేదెలు పొర్లినట్టు ఉంది. గట్టున చిన్న చేపలు నోళ్ళు తెరుచుకుని ఎండిపోతున్నాయి. ఖాళీ బుట్టలతో వచ్చిన ముసలమ్మలు బుట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. పేచ్చిముత్తు గుడ్డ తీసుకురాలేదు. ఇకమీదట మూక్కన్ చేతికి గుడ్డ ఇచ్చేది లేదని పెద్దలు ఒక్క మాట మీద తేల్చారు. మరి ఎవరి చేతికివ్వాలన్నప్పుడు మాత్రం వెంటనే నాలుగు మాటలయ్యాయి.

అరుపులు పెరుగుతుంటే కాంపు నుంచి కణ్ణన్ వచ్చాడు. కుర్చీలు వేయించాడు. కాఫీ తెప్పించాడు. పెద్దయ్యా అని ఒకర్ని, చిన్నాయనా అని ఒకర్ని పిలిచాడు. జరిగినదానికి చాలా వేదనగా ఉందని, వచ్చేసారి ఇలాంటి గందరగోళం లేకుండా తేదీ, గుడ్డ, కాపలా అన్నీ కాంపే చూసుకుంటుందని, ఊరివాళ్ళకి ప్రవేశం ఉచితమని చెప్పాడు. పెద్దలు గొంతు సవరించుకున్నారు. ఒకాయన ఇంకో కాఫీ అడిగాడు. నువ్వెంత సంపాదించావని కణ్ణన్‌ని అడిగినవాడు ఒక్కడు లేడు. మూక్కన్ ఇదంతా తూము గోడ పక్కన నిలబడి చూశాడు. ఆయనకి కుర్చీ వేయమని ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చేసరికి గురువమ్మాళ్ రసం కాచి, అప్పడాలు వేయించింది. నిన్నంతా అరిచి గొంతు బొంగురుపోయింది. కంచం ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది. మూక్కన్ రెండు ముద్దలు తిన్నాడు. ఆవిడ వాకిలి వైపు ఒకసారి చూసి, కొంచెం ముందుకి జరిగి, ఆయన మంచి చెవి పక్కకి వచ్చింది.

"వాళ్ళకు నేను చెప్పను. నాకు మాత్రం చెప్పు," అంది మెల్లగా. "ఇంత పనికి ఒక్క మీను తానా ఇచ్చినారు?"

మూక్కన్ ఆవిడ ముఖంలోకి చూశాడు. వెటకారం కాదు, నిజంగానే అడుగుతోంది. నిన్న టీకొట్టు దగ్గర పాతికమందిలోంచి వచ్చిన ప్రశ్నే అది. కంచం పక్కకి జరిపి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.